నెలలో మూడు రాత్రులు

ఆసుపత్రికి తాళం వేసే వేళంటూ ఉండదు. వార్డులో రోగి ఉన్నంతసేపూ ఒక నర్సు మేలుకునే ఉండాలి. ఈ అవసరం తీర్చుకోవడానికి ఒక్కో దేశంలో ఒక్కో పద్ధతి స్థిరపడింది. అమెరికాలో ఒకప్పుడు ఎనిమిదేసి గంటల మూడు షిఫ్టులు ఎక్కువగా ఉండేవి. తర్వాత చాలా ఆసుపత్రులు పన్నెండేసి గంటల రెండు షిఫ్టులకు మారాయి. తెలుగు రాష్ట్రాలతో సహా మన దేశంలో చాలాచోట్ల కనిపించేది మరో రకం. ఉదయం ఆరు గంటల పాటు, మధ్యాహ్నం ఆరు గంటల పాటు, రాత్రి ఎనిమిది నుంచి మర్నాడు ఉదయం ఎనిమిది దాకా ఏకబిగిన పన్నెండు గంటలు. నైట్ డ్యూటీలు వరుసగా కొన్ని రాత్రులు పడతాయి, ఆపైన నైట్ ఆఫ్‌లు వస్తాయి. కొందరు నర్సులు ఏళ్ల తరబడి రాత్రులే చేస్తారు. ఎక్కువమందికి మాత్రం పగలు, రాత్రి మారుతూ ఉంటాయి. రాత్రి పని ఒంటికి పడదని అందరూ అనే మాటే. కానీ నెలకు ఎన్ని రాత్రులు, వరుసగా ఎన్ని, ఏ వయసులో, ఎన్నేళ్లు అన్నవి తేలనిదే ఆ మాటతో వైద్యశాస్త్రానికి పెద్దగా పని లేదు. ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి దశాబ్దాలుగా ఎక్కువగా ఆధారపడింది నర్సుల మీదనే.

రాత్రి పని శరీరాన్ని ఎందుకు ఇబ్బంది పెడుతుందో ముందు చూడాలి. మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో, కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, దాదాపు 20 వేల నాడీకణాల గుంపు ఒకటి ఉంది. శరీరానికి కేంద్ర గడియారం అదే. కంటిపొరలో చూపుతో దాదాపు సంబంధం లేని ప్రత్యేక కణాలు కొన్ని వెలుతురు జాడను దానికి చేరవేస్తాయి. చీకటి పడ్డాక పీనియల్ గ్రంథి నుంచి మెలటోనిన్ అనే హార్మోన్ విడుదల కావడం, తెల్లవారుజామున ఒంటి వేడి తగ్గడం, ఉదయానికి కార్టిసోల్ పెరగడం ఈ గడియారం చెప్పినట్టే జరుగుతాయి. కాలేయం, క్లోమం, గుండె, కొవ్వు కణాలకు కూడా తమ సొంత గడియారాలున్నాయి. ఈ గడియారాలను నడిపే జన్యువుల పనితీరును ఈగల్లో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది.

కేంద్ర గడియారం ప్రధానంగా వెలుతురును నమ్ముకుంటుంది, కాలేయంలాంటివి తిండి వేళలను కూడా పట్టించుకుంటాయి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అర్ధరాత్రి రెండు గంటలకు వార్డు లైట్ల కింద టీ, బిస్కెట్లు తీసుకున్న నర్సు ఒంట్లో మెదడు గడియారం ఒక వేళ చెబుతుంటే కాలేయం మరో వేళ చెబుతుంది. రోజూ రాత్రే పనిచేస్తే కొన్నాళ్లకు ఒళ్లు అలవాటుపడుతుందన్న నమ్మకం ఆసుపత్రుల్లో చాలాకాలంగా ఉంది. శాశ్వతంగా రాత్రులే పనిచేసేవారి మెలటోనిన్‌ను కొలిచిన అధ్యయనాలను సైమన్ ఫోకార్డ్ 2008లో ఒకచోట చేర్చి చూస్తే, గడియారం పూర్తిగా తిరగబడినవారు మూడు శాతానికి లోపే తేలారు. డ్యూటీ దిగి ఇంటికి వెళ్లే దారిలో ఎండ తగులుతుంది. నైట్ ఆఫ్ రోజుల్లో పిల్లలు, వంట, బంధువుల రాకపోకలు మనిషిని మళ్లీ పగటిలోకి లాగేస్తాయి. అలవాటయ్యేది ఎక్కువగా మనసుకే.

ఈ తారుమారు ఒంట్లో ఏం చేస్తుందో ప్రయోగశాలలో కొలిచారు. 2009లో ఫ్రాంక్ షీర్ బృందం పదిమందిని 28 గంటల కృత్రిమ దినచర్యలో ఉంచింది. నిద్ర, తిండి వేళలు సహజ గడియారానికి పూర్తిగా ఎదురు తిరిగినప్పుడు, ఆకలిని అదుపు చేసే లెప్టిన్ 17 శాతం పడిపోయింది. ఇన్సులిన్ 22 శాతం పెరిగినా రక్తంలో గ్లూకోజు 6 శాతం ఎక్కువే ఉంది. లెక్క దొరికిన ఎనిమిదిమందిలో ముగ్గురికి, అంతవరకు ఆరోగ్యంగా ఉన్నవారికే, భోజనం తర్వాతి చక్కెర మధుమేహానికి ముందటి దశ స్థాయికి చేరింది. సారా చెల్లప్ప, షీర్ బృందం 2021లో ఇదే దారిలో ఇంకో అడుగు వేసింది. 19 మందిని రాత్రి పని లాంటి స్థితిలో ఉంచి, దాదాపు సగంమందికి రాత్రీ పగలూ భోజనం, మిగతావారికి పగలు మాత్రమే భోజనం పెట్టారు. రాత్రి తిన్నవారిలో గ్లూకోజు సగటు 6.4 శాతం పెరిగింది. పగలే తిన్నవారిలో చెప్పుకోదగిన పెరుగుదల లేదు. నర్సులకు ఈ పరిశోధనల్లోంచి నేరుగా అక్కరకొచ్చే విషయం ఏదన్నా ఉంటే అది ఇదే అనవచ్చు.

అయితే ప్రయోగశాల రెండు వారాల సంగతే చెప్పగలదు, ఇరవై ఏళ్ల సంగతి చెప్పలేదు. దానికి మనుషులను ఏళ్ల తరబడి వెంబడించాలి. ఆ పని చేసిన అధ్యయనాల్లో అన్నింటికన్నా పేరున్న నర్సెస్ హెల్త్ స్టడీ నైట్ డ్యూటీ కోసం పుట్టినది కాదు. గర్భనిరోధక మాత్రలను ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి హార్వర్డ్‌కు చెందిన ఫ్రాంక్ స్పీజర్ 1976లో దాన్ని మొదలుపెట్టారు. ముందు వైద్యుల భార్యలను అడగాలనుకున్నారు. చివరికి నర్సులే నయమని తేల్చారు. వైద్య పరిభాష వారికి తెలుసు, ప్రశ్న సూటిగా అర్థమవుతుంది, రిజిస్ట్రేషన్ ఉన్నవారు కాబట్టి చిరునామా పట్టుకోవడమూ సులువు. అమెరికాలోని 11 రాష్ట్రాల్లో 30 నుంచి 55 ఏళ్ల మధ్య వయసున్న వివాహిత నర్సులు దాదాపు 1,70,000 మందికి ప్రశ్నపత్రాలు పంపితే, దాదాపు 1,22,000 మంది నింపి తిప్పి పంపారు. వివాహితలనే ఎంచుకోవడానికి కారణం ఆనాటి సంకోచమే. పెళ్లికానివారిని గర్భనిరోధం గురించి పోస్టులో అడగడం అప్పట్లో ఇబ్బందికరం. అప్పటినుంచి ప్రతి రెండేళ్లకూ ఒక ప్రశ్నపత్రం వెళ్తూనే ఉంది. మధ్యలో రక్తం నమూనాలతోపాటు కాలిగోళ్ల ముక్కలు కూడా పోస్టులో తెప్పించుకున్నారు. 1989లో వాల్టర్ విలెట్ ఆధ్వర్యంలో మరో 1,16,000 మందికి పైగా చిన్న వయసు నర్సులతో రెండో అధ్యయనం మొదలైంది. 2010లో మూడోది వచ్చింది. ఇందులోకి తర్వాత మగ నర్సులనూ చేర్చుకున్నారు.

రాత్రి పని గురించిన ప్రశ్న 1988 నాటి పత్రంలో చేరింది. ఒకే నెలలో పగటి, సాయంత్రపు డ్యూటీలతోపాటు కనీసం మూడు రాత్రులు పనిచేసిన సందర్భాలను కలుపుకుంటే మొత్తం ఎన్నేళ్లు అవుతాయన్నది ఆ ప్రశ్న. దాదాపు 60 శాతం మంది ఎంతో కొంత చేశామన్నారు. తర్వాతి మూడు దశాబ్దాల్లో వెలువడిన డజన్ల కొద్దీ వ్యాసాలకు ఈ ఒక్క ప్రశ్నే పునాది. దాని బలహీనతలు పైకే కనిపిస్తాయి. నెలకు మూడు రాత్రులు చేసినవారూ పదిహేను చేసినవారూ ఒకే గంపలో పడ్డారు. నిరంతరం రాత్రులే చేసినవారి సంగతి సరిగా తేలలేదు. ఒక్కో షిఫ్టు ఎన్ని గంటలో అడగలేదు. అన్నింటికీ మించి, 1988 తర్వాత ఎవరు ఎన్ని రాత్రులు చేశారో మొదటి అధ్యయనంలో మళ్లీ అడగలేదు. రెండో అధ్యయనంలో ఈ లోపాన్ని సరిదిద్ది, చాలాసార్లు అడిగారు. ఈ తేడా ఎంత పెద్దదో రొమ్ము క్యాన్సర్ విషయంలో బయటపడుతుంది.

మొదట గుండె సంగతి. 1995లో ఇచిరో కవాచీ బృందం 79,109 మంది నర్సులను నాలుగేళ్లు గమనించి, ఆరేళ్లూ ఆపైన మారే రాత్రి షిఫ్టులు చేసినవారిలో గుండె ధమనుల జబ్బు 51 శాతం ఎక్కువగా ఉందని ప్రకటించింది. అప్పటికి చేతిలో ఉన్న రోగుల సంఖ్య 292 మాత్రమే. 2016లో సెలీన్ వెటర్ బృందం రెండు అధ్యయనాలనూ కలిపి 1,89,000 మందిని 24 ఏళ్లపాటు చూసేసరికి గుండె జబ్బు కేసులు పదివేలు దాటాయి, అంచనా తగ్గింది. పదేళ్లూ ఆపైన రాత్రి షిఫ్టులు చేసినవారికి అదనపు ప్రమాదం మొదటి అధ్యయనంలో 18 శాతం, రెండోదానిలో 15 శాతం. ఈ 18 శాతం వెనుక మరో లెక్క ఉంది. మొదటి అధ్యయనంలో రాత్రులు అసలు చేయనివారిలో ఏటా లక్షమందికి దాదాపు 425 కేసులు, పదేళ్లు దాటినవారిలో దాదాపు 597. అంటే పైకి కనిపించే తేడా నలభై శాతం. రాత్రులు ఎక్కువ చేసినవారిలో పొగతాగేవారు, బరువు ఎక్కువున్నవారు ఎక్కువ. ఆ అంశాలను లెక్కకట్టి తీసేశాక మిగిలినదే 18 శాతం. డ్యూటీ మానేసి ఎన్నేళ్లయితే ప్రమాదం అంత తగ్గుతూ పోవడం కూడా రెండో అధ్యయనంలో కనిపించింది. నష్టం శాశ్వతం కాదనడానికి ఇదొక ఆధారం.

మధుమేహం దగ్గర ఈ తీసివేత లెక్క అంత సులువు కాదు. ఆన్ పాన్, ఫ్రాంక్ హూ తదితరులు 2011లో ప్రచురించిన విశ్లేషణలో, ఇరవై ఏళ్లూ ఆపైన రాత్రి షిఫ్టులు చేసినవారికి టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం ఎక్కువ. బరువును లెక్కలోకి తీసుకుంటే అది 24 శాతానికి దిగింది. ఏ సంఖ్యను నమ్మాలి? బరువు ఎక్కువ ఉన్నవారే ఎందుకో రాత్రి డ్యూటీలు ఎంచుకుంటుంటే 24 సరైనది. రాత్రి డ్యూటీయే బరువు పెంచి, ఆ బరువే షుగర్ తెస్తుంటే బరువును తీసివేయడం అసలు కారణంలో ఒక ముక్కను తీసివేయడమే, అప్పుడు 58కే దగ్గరగా ఉండాలి. నర్సులు ఏళ్లు గడిచేకొద్దీ రాత్రి డ్యూటీలతోపాటు బరువు కూడా పెరిగారని అదే బృందం చూపింది కాబట్టి నిజం ఈ రెంటి మధ్య, పై సంఖ్య వైపు కాస్త మొగ్గి ఉంటుందనుకోవడం సబబు. మధుమేహం ఎక్కువగా ఉండే తెలుగునాట ఈ రెండు సంఖ్యల మధ్య తేడా చిన్న విషయమేమీ కాదు.

మనిషి స్వభావం కూడా ఇందులో కలుస్తుంది. వేకువనే లేచే అలవాటున్న నర్సుల్లో రాత్రి షిఫ్టుల ఏళ్లు పెరిగేకొద్దీ మధుమేహం పెరిగిందని 2015లో వెటర్ బృందం రాసింది. పొద్దుపోయేదాకా మేలుకునే స్వభావమున్నవారి సంగతి తలకిందులు. వారిలో పగటి డ్యూటీలు మాత్రమే చేసినవారికే ప్రమాదం ఎక్కువగా కనిపించింది. ఎవరి గడియారానికి ఎదురుగా వారి పని ఉంటే వారికి చేటు అని దీన్ని అర్థం చేసుకోవచ్చు. రోస్టర్ వేసే నర్సింగ్ సూపరింటెండెంట్లు ఈ సంగతిని ఎప్పుడైనా అడిగి తెలుసుకుంటారా అన్నది వేరే ప్రశ్న.

అన్నింటిలోకీ ఎక్కువ వాదం నడిచింది రొమ్ము క్యాన్సర్ మీద. పారిశ్రామిక దేశాల్లో ఈ క్యాన్సర్ ఎందుకంత ఎక్కువన్న ప్రశ్నకు 1987లో రిచర్డ్ స్టీవెన్స్ ఒక ఊహ ప్రతిపాదించారు. రాత్రిపూట విద్యుద్దీపాల వెలుతురు మెలటోనిన్‌ను అణచివేస్తుంది, దానివల్ల ఈస్ట్రోజన్ మీద అదుపు సడలుతుంది అన్నది దాని సారం. ఈ ఊహ నిజమైతే దాని జాడ ముందుగా కనిపించాల్సింది రాత్రి దీపాల కింద పనిచేసే స్త్రీలలోనే. 2001లో ఎవా షెర్న్‌హామర్ బృందం 78,562 మంది నర్సుల పదేళ్ల వివరాలను, వారిలో 2,441 రొమ్ము క్యాన్సర్ కేసులను పరిశీలించింది. ముప్పై ఏళ్లూ ఆపైన రాత్రి షిఫ్టులు చేసినవారిలో ప్రమాదం 36 శాతం ఎక్కువ. అంతకన్నా తక్కువ ఏళ్లు చేసినవారిలో తేడా ఎనిమిది శాతం, దాదాపు లేనట్టే. 2006లో రెండో అధ్యయనపు చిన్న వయసు నర్సుల్లో, ఇరవై ఏళ్లూ ఆపైన చేసినవారికి 79 శాతం ఎక్కువగా తేలింది. ఆ గుంపులో కేసులు మాత్రం చాలా కొద్ది.

వీటితోపాటు డెన్మార్క్, నార్వే అధ్యయనాలను, జంతు ప్రయోగాలను చూసి అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో, జీవగడియారాన్ని చెదరగొట్టే షిఫ్టు పనిని మనుషుల్లో క్యాన్సర్‌కు 'బహుశా కారణం' అనే 2ఏ వర్గంలో చేర్చింది. పత్రికల్లో ఇది భయం పుట్టించింది. నిజానికి ఈ వర్గీకరణ ఆధారం ఎంత గట్టిదో చెబుతుందే తప్ప ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. గొడ్డుమాంసం, మేకమాంసం లాంటి ఎర్ర మాంసం కూడా తర్వాత ఇదే వర్గంలోకి వచ్చింది. డెన్మార్క్ ప్రభుత్వం మాత్రం మాటలతో ఆగలేదు. ఇరవై ఏళ్లకు మించి వారానికి కనీసం ఒక రాత్రి పనిచేసి, క్యాన్సర్‌కు వేరే పెద్ద కారణం కనబడని స్త్రీలు దాదాపు 40 మందికి వృత్తివ్యాధి కింద పరిహారం ఇచ్చింది.

అంతలో ఎదురుగాలి వీచింది. 2016లో బ్రిటన్ పరిశోధకులు రూత్ ట్రావిస్ తదితరులు తమ మూడు అధ్యయనాలను మిగతావాటితో కలిపి, మొత్తం పది అధ్యయనాల్లో 14 లక్షల మంది స్త్రీలను లెక్కించారు. రాత్రి పనికీ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధమే కనబడలేదు. ఇరవై ఏళ్లు దాటినవారిలోనూ అంతే. పత్రికలు ఈసారి అభయమిచ్చాయి. ఆ లెక్కలోనూ ఒక లొసుగు ఉంది. వాటిలో అతిపెద్దదైన మిలియన్ విమెన్ స్టడీలో ఈ ప్రశ్న అడిగేనాటికి స్త్రీల సగటు వయసు 68. చిన్న వయసులో రాత్రులు చేసి, అరవై నిండకముందే క్యాన్సర్ బారినపడినవారు ఆ లెక్కలోకి రానే రారు.

ఈ చిక్కును చాలావరకు విడదీసింది మళ్లీ నర్సుల అధ్యయనమే. 2017లో లానీ వెగ్జిన్ తదితరులు గమనింపు కాలాన్ని 24 ఏళ్లకు పొడిగించి చూస్తే, మొదటి అధ్యయనంలో 2001 నాటి 36 శాతం మాయమైంది. ముప్పై ఏళ్లు చేసినవారికీ అసలు చేయనివారికీ తేడా లేదు. రెండో అధ్యయనంలో మాత్రం, 1989లో చేరేనాటికే ఇరవై ఏళ్ల రాత్రి షిఫ్టులు పూర్తిచేసినవారికి ప్రమాదం రెట్టింపుకు పైగా ఉంది. ఇదొక వైరుధ్యంలా కనిపిస్తుంది గానీ కాదు. మొదటి అధ్యయనంలోనివారు కాలం గడిచేకొద్దీ రిటైరయ్యారు. రాత్రి డ్యూటీ మానేసి ఏళ్లయినవారు వారిలో ఎక్కువ. రెండో అధ్యయనంలోనివారు ఆ పని చేసింది యౌవనంలో, రొమ్ము కణజాలం మార్పులకు ఎక్కువగా లోనయ్యే దశలో. చిన్న వయసులో ఎక్కువ ఏళ్లు చేస్తే ప్రమాదం ఉంటుంది, మానేశాక కాలంతోపాటు తరిగిపోతుంది అనుకుంటే రెండు ఫలితాలూ ఒకదానితో ఒకటి పొసగుతాయి. 2019లో 16 దేశాల శాస్త్రవేత్తలు మళ్లీ కూర్చుని ఆధారాలన్నీ తిరగేసి, 2ఏ వర్గాన్నే ఖాయం చేశారు.

ఆయుష్షు మీద ప్రభావం ఇంతకన్నా నింపాదిగా కనిపిస్తుంది. మొదటి నర్సుల అధ్యయనంలో 22 ఏళ్ల గమనింపులో ఆరేళ్లకు పైబడి రాత్రులు చేసినవారిలో మొత్తం మరణాలు 11 శాతం ఎక్కువ, గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు ఇరవై శాతం అటూఇటూగా ఎక్కువ. 2022లో వచ్చిన మరో విశ్లేషణ 46,318 మందిలో పెద్ద జబ్బులేవీ లేకుండా, జ్ఞాపకశక్తి, కదలిక, మనసు నిబ్బరంగా డెబ్బై దాటినవారు ఎందరని చూసింది. ఎనిమిది శాతం మందే అలా మిగిలారు. పదేళ్లకు పైబడి రాత్రులు చేసినవారికి ఆ అవకాశం అసలు చేయనివారికన్నా ఐదో వంతు తక్కువ.

ఈ సంఖ్యలన్నీ అసలు నష్టాన్ని కాస్త తక్కువ చేసి చూపుతున్నాయనడానికి కారణముంది. రాత్రి డ్యూటీ పడనివారు, నిద్ర పట్టక, కడుపు చెడి, బీపీ పెరిగి, మొదటి కొన్నేళ్లలోనే పగటి పనికి మారిపోతారు, లేదా ఉద్యోగమే మానేస్తారు. ఇరవై ఏళ్లు నిలిచినవారు ఎంతో కొంత తట్టుకోగలిగినవారే. గణాంకవేత్తలు దీన్ని ఆరోగ్యవంతుల ఎంపిక అంటారు. మరోవైపు ఈ నర్సుల్లో అత్యధికులు శ్వేతజాతి స్త్రీలు. తక్కువ బరువుకే షుగర్ వచ్చే దక్షిణాసియావారికి ఆ శాతాలను ఉన్నదున్నట్టు అంటించడం సరికాదు.

ఎన్ని ఏళ్లు అన్న ప్రశ్న నుంచి ఎలాంటి రోస్టర్ అన్న ప్రశ్నకు పరిశోధన మళ్లడం నార్వేతో మొదలైందనవచ్చు. అక్కడి నర్సుల ఉద్యోగ చరిత్రలను జెన్నీ-అన్నె లీ బృందం 2011లో విడివిడిగా విచారించింది. వరుసగా ఆరు, అంతకు మించిన రాత్రులు పడే రోస్టర్‌లో ఐదేళ్లూ ఆపైన పనిచేసినవారిలో రొమ్ము క్యాన్సర్ 80 శాతం ఎక్కువగా తేలింది. ఏళ్ల తరబడి నెలకు మూడు, అంతకు మించి రాత్రులు చేయడం ఒక్కటే అలాంటి పెరుగుదల చూపలేదు. డెన్మార్క్ పరిశోధకులు మనుషుల జ్ఞాపకాన్ని నమ్ముకోవడం మానేసి జీతాల రికార్డుల దగ్గరికే వెళ్లారు. ఏ రోజు ఏ గంటకు ఎవరు డ్యూటీలో ఉన్నారో వాటిలో ఉంటుంది. ఎక్కువగా ఆసుపత్రుల్లో పనిచేసే 22,744 మంది గర్భిణుల రికార్డులు చూస్తే, ఎనిమిదో వారం తర్వాత ఒకే వారంలో రెండు, అంతకన్నా ఎక్కువ రాత్రులు చేసినవారికి ఆ పై వారంలో గర్భస్రావం అయ్యే ప్రమాదం 32 శాతం ఎక్కువ. 2019లో ఈ ఫలితం వెలువడింది.

వీటన్నింటినీ కలిపి, ఎక్కువమంది నార్డిక్ దేశాలవారే ఉన్న ఒక పరిశోధకుల బృందం 2020లో రోస్టర్‌కు కొలతలు సూచించింది. వరుసగా మూడు రాత్రులకు మించకూడదు. ఒక షిఫ్టుకూ మరోదానికీ మధ్య కనీసం 11 గంటల విరామం ఉండాలి. రాత్రి షిఫ్టు తొమ్మిది గంటలు దాటకూడదు. గర్భిణులకు వారానికి ఒక్క రాత్రే. మన ఆసుపత్రుల పన్నెండు గంటల రాత్రి వీటిలో మూడో కొలతను మొదటిరోజే దాటేస్తుంది. వారం పొడవునా రాత్రులు పడే చోట మొదటి కొలతా నిలవదు. అయితే మార్పు కాగితం మీద గంటలు సరిచేసినంత తేలిక కాదు. ఎనిమిదేసి గంటల మూడు షిఫ్టులకు మారితే డ్యూటీ చేతులు మారేది రాత్రి పదింటికి. ఆ వేళ వార్డు అప్పగించి దిగిన నర్సుకు ఊరి చివరన ఉన్న ఇంటికి బస్సు దొరకాలి, దొరకనప్పుడు ఆసుపత్రిలోనే పడుకోవడానికి గది ఉండాలి. పన్నెండు గంటల రాత్రి చేస్తే ఆపైన కలిసివచ్చే నైట్ ఆఫ్‌లు ఇంటి పనులకూ పిల్లల చదువులకూ అక్కరకొస్తాయని, వాటిని వదులుకోవడం ఇష్టంలేని నర్సులూ ఉంటారు. అందువల్ల రాత్రి షిఫ్టు నిడివి తగ్గించే ఆసుపత్రి రవాణా, విశ్రాంతి గది, సరిపడా నర్సుల పోస్టులు, సెలవుల లెక్క అన్నీ ఒకేసారి చూసుకోవాల్సి వస్తుంది.